చెప్పకుండా వెళ్ళాల్సిన ఇల్లు

బోరబండ,
8 ఆగస్టు 1998

ప్రియమైన తమ్ముడు మధుకు,

అక్క ఆశీస్సులు. మొన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాను. మీటరు తిరుగుతుంటే ఇలాంటివి చెప్పలేం. మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసుల కోసం కడుతున్న ఒక పెద్ద భవనంలో స్లాబు కూలింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది మన బస్తీవాళ్ళే. సాయిలు కూడా పోయాడు. చిన్నప్పుడు నిన్ను భుజాన వేసుకుని, రైలు చూపిస్తానని పట్టాల దాకా తీసుకెళ్ళేవాడే, ఆ సాయిలు.

అతనిది సెంట్రింగ్ పని. స్లాబు కింద చెక్కలు పరిచి గుంజలు నిలబెట్టడం, స్లాబు ఆరాక తీయడం. ఇంకా ఆరలేదని కింద వాళ్ళు అన్నారట, తీయమని పైన వాళ్ళు తొందర పెట్టారట. అందులో ఎంత నిజమో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించడం లేదు.

అతని పెళ్ళాం లచ్చమ్మ కూడా అక్కడే తట్టలు మోసేది. కూతురు బుజ్జికి జ్వరమని ఆ రోజు ఇంట్లో ఉండిపోయింది. పొద్దున నేను పంపు దగ్గర నీళ్ళు పడుతున్నాను. సాయిలు అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి రోజూ అన్నట్టే "పోయొస్త" అన్నాడు. నాకూ వినబడింది.

లచ్చమ్మ ఏడవలేదు. శవాన్ని తెచ్చినప్పుడు ఏడవలేదు, ఎత్తినప్పుడూ ఏడవలేదు. నోట్లో ముద్ద పెడితే మింగకుండా అలాగే ఉంచుకుంటుంది. మాట లేదు. బుజ్జి కొంగు పట్టి లాగినా తిరిగి చూడదు. సాయిలు తల్లి నీలమ్మ నా చెయ్యి పట్టుకుని, "కొడుకు పోయిండు, ఇగ కోడలు గూడ పోయేటట్టుంది టీచరమ్మా. ఏమన్న చెయ్యి" అంది. నేనేం చేయగలను. బడిలో హాజరు పిలుస్తున్నాను. సగం మంది పిల్లలు రావడం లేదు. అయినా అందరి పేర్లూ చదువుతున్నాను.

వేళకు తిను.

నీ అక్క,
భవాని


న్యూఢిల్లీ,
11 ఆగస్టు 1998

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో నువ్వు చెప్పిన రోజు నేను క్యాంటీన్‌కు వెళ్ళి అన్నం తిన్నాను. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా తెలిసింది. సాయిలన్న పోయిన రోజు ఉప్పు సంగతి తెలియడం ఏమిటని ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంకో సంగతి. మా మంత్రిగారు మిమ్మల్ని పరామర్శించడానికి హైదరాబాద్ వస్తున్నారు. దేశం తరఫున వస్తున్నట్టు లెక్క. ప్రసంగం నన్ను రాయమన్నారు. నా ఉద్యోగం స్టెనోదే అయినా, తెలుగువాణ్ణని ఈ గౌరవం. రైలు పట్టాలు తప్పితే ఒకటి, తుఫాను వస్తే ఒకటి, ఇలాంటివి రాసి రాసి చేతికి అలవాటైపోయింది అక్కా. ఊరి పేరు ఒక్కటి మారిస్తే చాలు. ఈసారి ఊరి పేరు దగ్గర బోరబండ అని టైపు కొట్టాల్సి వచ్చింది. కొట్టేశాను. వేళ్ళు ఆగలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఏడుస్తున్న మనిషి ముందు ఏం చేయాలో ఆయనకు తెలియదు, అంతే. మేం ఏది రాసిస్తే అది చదువుతాడు. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను, ఏమంటే వాళ్ళకు ఊరటగా ఉంటుంది? అంత పెద్దమనిషి ఇంటికొచ్చి పలకరిస్తే లచ్చమ్మ వదిన నోరు విప్పుతుందేమో.

వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు,
మధు


బోరబండ,
14 ఆగస్టు 1998

ప్రియమైన తమ్ముడికి,

మంత్రిగారు వస్తున్నారని నీ ఉత్తరం కంటే ముందు కంకర లారీ చెప్పింది. మూడు వానాకాలాలుగా మేం అడుగుతున్న రోడ్డు ఒక్క రోజులో పడింది. గోడలకు సున్నం కొట్టారు. నిన్న ఒక ఆఫీసరు సాయిలు ఇంటికి వచ్చి, "సార్ ఇక్కడే టీ తాగితే ఫోటో బాగొస్తుందమ్మా" అని నీలమ్మతో అన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదు, వంతులేసుకుని మేమే అన్నం పంపుతున్నాం. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నీలమ్మ మాత్రం కోప్పడలేదు. "పాలు లెవ్వు బిడ్డా" అని ఊరుకుంది.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. కుర్చీ వెంట తెచ్చుకోవద్దని చెప్పు. చెప్పులు బయట విడిచి, నీలమ్మ పక్కన చాప మీద కూర్చోమను. ఎట్లా జరిగిందమ్మా అని మాత్రం అడగనియ్యకు. వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతున్నాడు. చెప్పినప్పుడల్లా ఆమె కొడుకును మళ్ళీ ఆ స్లాబు కింద చూసుకుంటోంది. ఏమీ అనకుండా కాసేపు కూర్చుని లేవమను. అంత పెద్దమనిషి మా నేల మీద కూర్చున్నాడంటే, పోయినవాడు కూడా ఒక మనిషేనని ఆయన ఒప్పుకున్నట్టు. అంతకు మించి ఏ ఢిల్లీవాడూ ఇవ్వగలిగింది లేదు.

మిగతావి నీకు తెలియనివా. అమ్మ మనల్ని ఎన్ని చావు ఇళ్ళకు తీసుకెళ్ళలేదు.

లచ్చమ్మ అలాగే ఉంది.

అక్క,
భవాని


న్యూఢిల్లీ,
17 ఆగస్టు 1998

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం మా ఆఫీసులో పెద్ద సెక్రటరీకి చదివి వినిపించాను. నవ్వాడు. "మాట్లాడకుండా కూర్చుంటే టీవీవాళ్ళు ఏం చూపిస్తారు?" అన్నాడు. అయినా పోరాడి చాప సంగతి, చెప్పుల సంగతి ఒప్పించాను. ప్రసంగం రెండు నిమిషాలకు కుదించాను. అంతకంటే తగ్గితే చిన్నచూపు చూశారంటారట.

చివర్లో తెలుగులో ఒక్క వాక్యం పెట్టాను. అది మాత్రం పూర్తిగా నా సొంతం. మంత్రిగారు ఎక్కాలు నేర్చుకునే పిల్లాడిలా నా ముందు మళ్ళీ మళ్ళీ అని చూసుకున్నారు. ఒత్తులు కూడా సరిగ్గా పలుకుతున్నారు. ఆ మాట వింటే లచ్చమ్మ వదిన తప్పకుండా తల ఎత్తి చూస్తుంది. నువ్వే చూస్తావుగా.

ఆయనతో నేను రావడం లేదు, స్టెనోలకు విమానంలో చోటు లేదు. అక్కడ జరిగిందంతా రాయి.

నీ తమ్ముడు,
మధు


బోరబండ,
23 ఆగస్టు 1998

మధుకు,

తల ఎత్తి చూసింది.

ఆయన వచ్చాడు. చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు. అది చూసి నీ మీద గర్వం కలిగింది, అబద్ధమెందుకు. కాగితం హిందీలో చదివాడు. మాకు అర్థమైనంత అయింది, కానిది కాలేదు, దాంతో నష్టం లేదు. తర్వాత లేచి, లచ్చమ్మ ముందు చేతులు జోడించి, నువ్వు నేర్పిన తెలుగులో స్పష్టంగా అన్నాడు. "అమ్మా, నేను మళ్ళీ వస్తాను."

చావింట్లో, మధూ. పలకరించడానికి వెళ్ళినవాడు లేచి, చెప్పులు వేసుకుని, చెప్పకుండా వెళ్ళిపోతాడు. వస్తానని ఎవడంటాడు? మళ్ళీ వస్తానంటే ఆ ఇంట్లో మళ్ళీ ఇలాంటి పని పడాలనే కదా. పక్కింటి తాత పోయినప్పుడు నువ్వు "పోయొస్తం" అంటే అమ్మ అక్కడే నీ నోటి మీద కొట్టింది. ఢిల్లీ నీళ్ళకు అదీ మరిచిపోయావా?

లచ్చమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళకు నోరు విప్పింది.

"వస్తనని చెప్పకు సారు. మా ఆయన గూడ గదే చెప్పి పోయిండు. నువ్వు మా ఇంటికి రాకు. ఇగ ఎవ్వరికి గా మాట చెప్పకు."

గట్టిగా అనలేదు. మామూలుగా అంది. పక్కనున్న ఆఫీసరు ఆయన చెవిలో, మీరు చల్లగా ఉండాలంటోంది సార్, అని చెప్పాడు. ఆయన సంతోషించి బుజ్జి తల నిమిరాడు. ఫోటోలు తీశారు. మర్నాడు పేపర్లో ఆయనకు లచ్చమ్మ దీవెనలు ఇచ్చిందని వేశారు. కార్లు కదలగానే నీలమ్మ పసుపు నీళ్ళు తెచ్చి గడప మీద చల్లింది.

లచ్చమ్మ మళ్ళీ మూగదైపోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటు ఏమిటంటే, ఇప్పుడు బుజ్జిని గడప దాటనివ్వడం లేదు. బడికి బయల్దేరి "పోయొస్త అమ్మా" అందని ఆ పిల్ల రెక్క పట్టుకుని లోపలికి లాగింది. ఆ మాట అని బయటికి పోయినవాళ్ళు తిరిగి రారని ఆమెకు నాటుకుపోయింది. పిల్ల కిటికీలోంచి బడికి పోయే పిల్లల్ని చూస్తూ కూర్చుంటోంది. ఆరేళ్ళ పిల్ల ఎన్నాళ్ళని అట్లా కూర్చుంటుంది?

నిన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదు.

భవాని


న్యూఢిల్లీ,
12 అక్టోబరు 1998

ప్రియమైన అక్కకు,

ఇన్నాళ్ళూ ఏం రాయాలో తెలియక రాయలేదు. మీటింగుల ప్రసంగాలన్నీ చివర్లో మళ్ళీ వస్తానని ముగుస్తాయి. చేయి అలవాటుగా అదే రాసింది, నేను దాన్ని మెచ్చుకున్నాను. తెలుగువాణ్ణని నన్ను పిలిచిన పని ఆ ఒక్కటే, అదీ చెడగొట్టాను.

నీ ఉత్తరం అందిన వారానికి మంత్రిగారి గదిలోకి వెళ్ళి, లచ్చమ్మ వదిన నిజంగా అన్నదేమిటో చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి ఏమనాలి?" అని అడిగాడు. ఏమీ అనకూడదండి, అన్నాను. వెళ్ళమన్నాడు.

పోయిన నెల ఇక్కడికి తూర్పున ఒక ఏటిగట్టు పల్లెలో పడవ మునిగింది. ఆయన వెళ్ళాడు. నేను రాసిచ్చిన కాగితం జేబులోంచి తీయలేదు. బిడ్డ పోయిన ఒక తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. కెమెరాలవాళ్ళు విసుగెత్తి నీళ్ళు తాగడానికి వెళ్ళేదాకా కూర్చున్నాడట. తర్వాత చెప్పకుండా లేచి వచ్చేశాడు. మర్నాడు పేపర్లన్నీ ఏకమై తిట్టాయి. రాతిగుండె అన్నారు, ఒక్క ఓదార్పు మాటకు కూడా నోరు రాలేదన్నారు. పార్టీలో కూడా అడిగారట. ఆయన ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. సెక్రటరీకి మాత్రం ఇదెవరి నిర్వాకమో తెలుసు, నన్ను పాత ఫైళ్ళ గదికి మార్చాడు. ఇక్కడ దుమ్ము ఎక్కువ, పని తక్కువ.

ఆ పేపరు ఫోటో కత్తిరించి పంపుతున్నాను. లచ్చమ్మ వదినకు చూపించాలనిపిస్తే చూపించు. లేదంటే చించెయ్యి.

నీ తమ్ముడు,
మధు


బోరబండ,
30 అక్టోబరు 1998

ప్రియమైన తమ్ముడు మధుకు,

ఫోటో రెండు రోజులు నా సంచిలోనే ఉంచుకున్నాను. మానుతున్న పుండును కెలుకుతానేమోనని భయం. అసలు మానుతుంటే కదా అనుకుని మూడో రోజు తీసుకెళ్ళాను. లచ్చమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఫోటో ఒళ్ళో పెట్టాను. చాలాసేపు చూడలేదు. తర్వాత చూసింది.

"గాయనేనా?"

"ఆయనే."

"గీడ ఏం చెప్పిండు?"

"ఏం చెప్పలే. కూసున్నడు. లేసి పోయిండు."

"వస్తనన్లే?"

"అన్లే. నువ్వు చెప్పిన మాట మా మధు ఆయనకు చెప్పిండు. ఇన్నడు."

ఆమె ఫోటోలో ఆయన్ని చూడడం లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన పక్కన కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న ఆ తల్లిని చూస్తోంది. వేలితో ఆ ముఖం మీద తడిమింది. "ఈమె ఏమన్న తిన్నదో లేదో" అంది.

ఆ తర్వాత నీలమ్మ పెట్టిన ముద్ద మింగింది. ఏడ్చింది కూడా. నీలమ్మ ఆపలేదు, నన్నూ ఆపనివ్వలేదు. "ఏడ్వనియ్యి టీచరమ్మా, ఇన్నొద్దులు గిదే ఆగింది" అంది.

ఇది జరిగి పది రోజులకు పైనే అయింది. నిన్న పొద్దున నేను పంపు దగ్గరున్నాను. లచ్చమ్మ తల దువ్వుకుని, డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గచ్చిబౌలి వైపు ఇంకో భవనం లేస్తోంది, అక్కడ తట్టల పనికి ఒప్పుకుందట. మళ్ళీ స్లాబుల కిందికే. ఇంకో పని చూసుకోమని చెప్పాలనిపించింది కానీ, ఇంకో పని ఎక్కడుందని చెప్పను? బుజ్జి పలక సంచితో పక్కనే నిలబడింది. లచ్చమ్మ ఆ పిల్ల రెక్క పట్టుకునే ఉంది. వదలడానికి చాలాసేపు పట్టింది. బిందె నిండి పొర్లుతున్నా నేను పంపు కట్టెయ్యలేదు.

బుజ్జి తల్లి ముఖంలోకి చూసి, మెల్లగా, "పోనా అమ్మా" అంది. పోయొస్త అనకూడదని తనకు తానే నేర్చుకుంది కాబోలు.

"పోనా అనొద్దు" అంది లచ్చమ్మ. "పోయొస్త అనాలె." రెక్క వదిలేసింది. తర్వాత నీలమ్మ వైపు తిరిగి, "పోయొస్త అత్తా" అని గడప దాటింది.

నీలమ్మ గుమ్మంలోకి వచ్చి, కోడలు వీధి మలుపు తిరిగేలోపు గట్టిగా పిలిచి చెప్పింది. "పోయి రా బిడ్డా."

బడిలో హాజరు పిలిచాను. బుజ్జి పేరు దగ్గర జవాబు వచ్చింది. పుస్తకం మూసి పిల్లల ముందే ఏడ్చాను, ఆగస్టు నుంచి ఆగి ఉన్నదంతా. సాయంత్రం లచ్చమ్మ ఇంటికి వచ్చేదాకా పంపు దగ్గరే ఏదో పని కల్పించుకుని నిలబడ్డాను. వచ్చింది.

పాత ఫైళ్ళ గదిలో సెలవు తేలిగ్గానే దొరుకుతుందనుకుంటాను. ఒకసారి రా. వస్తానని ముందుగా నీలమ్మకు ఒక కార్డు రాయి, నేను చదివి వినిపిస్తాను. ఆ ఇంటికి ఇప్పుడు ఆ మాట రాయొచ్చు.

ప్రేమతో,
అక్క భవాని