అక్కకి ఇవ్వాల్సిన కిడ్నీలో రాయి

మార్చి 4

నా ఎడమ కిడ్నీలో రాయి ఉందట. నొప్పి లేదు, మంట లేదు. అక్కకి ఇవ్వడానికి పరీక్షలన్నీ పాసయ్యాక, ఆఖరి స్కాన్‌లో ఇదా! నేను నడిపే బస్సు మాంగెరె డిపోలో పెట్టి, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

మార్చి 6

భయం లేదన్నాడు డాక్టర్. కిడ్నీని నాలోంచి తీశాక ఐసు గిన్నెలో పెట్టి, సన్నటి గొట్టం లోపలికి పంపి, లేజర్‌తో రాయిని పొడి చేసి కడిగేస్తారట. ఆ తర్వాతే అక్కకి పెడతారట. నా కిడ్నీ నా బయట, ఐసులో, దానికో ఆపరేషన్! నోట్లో పెట్టుకోబోయిన చేమదుంప ముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. ఐసులో పెడితే చేప కూడా పాడవదు, నోరు మూసుకుని తిను అంది మా ఆవిడ తెమలీసి.

మార్చి 13

సిగ్గుతో చచ్చిపోయాను. ఆస్పత్రిలో ఇవాళ మా ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. మా టోంగా దీవుల వాళ్ళలో అక్క ముందు తమ్ముడు ఒంటి సంగతి ఎత్తడు. మీసాలొచ్చినప్పటి నుంచి లావినియా అక్కతో కలిసి టీవీ కూడా చూడలేదు నేను. ఆ డాక్టరేమో తెర మీద బొమ్మేసి, నా మూత్రం దారి వేలితో చూపిస్తూ, రోజుకి ఎన్నిసార్లు వెళ్తావు, రంగెలా ఉంటుంది అని అడిగాడు. అక్క తల వంచేసింది. నేను లేచి వచ్చేశాను. లిఫ్ట్ కోసం కూడా ఆగలేదు.

మార్చి 14

ఆస్పత్రి నుంచి ఫోన్. ఇష్టం లేనివాళ్ళని బలవంతపెట్టం, ఆపరేషన్ తేదీ తీసేశాం, మీరేం బాధపడకండి అందొకావిడ. నాకు ఇష్టం లేదని ఎవడు చెప్పాడు? అడిగేలోపే పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం

తెమలీసి అక్క దగ్గర్నుంచి వచ్చింది. వాడికి పిల్లలున్నారు, భయపడితే తప్పేముంది, నాకు డయాలిసిస్ అలవాటైపోయిందిలే అందట అక్క. అలవాటట! పోయిన నెల ఆ మెషీను మీదే ప్రాణం పోయినంత పనైంది. భయం కాదు, సిగ్గని చెప్పిరా అన్నాను తెమలీసితో. ఇన్నాళ్ళూ మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది చాలు, నీకు సిగ్గు ఎక్కువో అక్క ఎక్కువో నువ్వే తేల్చుకో అని తలుపు వేసుకుంది.

మార్చి 15

చెప్పేశాను. అక్క ఇంటి గుమ్మంలో నిలబడి, కళ్ళు నేలకేసి, నా కిడ్నీ, నా రాయి, నా ఉచ్చ, అన్నీ చెప్పాను. సిగ్గేసి పారిపోయాను గానీ ఇవ్వనని కాదు అన్నాను. అక్క శాలువా మొహం మీదికి లాక్కుంది. శాలువా ఒకటే వణుకుతోంది. ఏడుస్తోందో ఏమో, చూడకుండా వచ్చేశాను.

మార్చి 22

ఈసారి నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి అడిగారు. ఉన్నదంతా చెప్పాను. డాక్టర్ మొహం సిగ్గుతో ఎర్రబడింది. మళ్ళీ తేదీ ఇచ్చారు.

ఏప్రిల్ 9

రేపే.

ఏప్రిల్ 11

బతికే ఉన్నాను. రాయి పొడైపోయిందట. ఐసులో తెల్లగా పాలిపోయిన కిడ్నీ, అక్కలో పెట్టగానే గులాబీ రంగుకి తిరిగిందట. కానీ ఒక్క చుక్క మూత్రం కూడా రాలేదట ఇంకా. ఎందుకని నర్సుని అడిగితే మాట మార్చింది.

ఏప్రిల్ 12

చక్రాల కుర్చీలో అక్క దగ్గరికి తోసుకెళ్ళారు. తెర ఇవతలే ఆపమన్నాను. లోపల్నుంచి అక్క, వార్డంతా వినేలా, నేరుగా నాతోనే: ఒరేయ్ తమ్ముడూ, తెల్లారినప్పటి నుంచి నీ ఉచ్చ ఆగడం లేదురా!