తలుపు వెనకాల ఇల్లు

మావా, నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. చౌరంగీ వెనక విక్టోరియా రాణి కాలం నాటి మేడకి మనం మరమ్మతు చేశాం కదా, దాన్ని కూల్చకుండా కాపాడతారని విని, సంబరంగా మనముండే మెటియాబ్రుజ్‌లో బస్సెక్కి వెళ్ళాను.

ముందు గోడ అలాగే ఉంది. నేను సున్నం కలిపిస్తే కిటికీల మీద నువ్వు తీర్చిన పువ్వులకి కొత్త రంగు కూడా వేశారు. కాపలా కాసే దర్వాన్ని బతిమాలి తలుపు తోశాను.

లోపల ఇల్లు లేదు మావా. మనం కూర్చుని అన్నం తిన్న చెక్క మెట్లు కూడా లేవు. గుమ్మం అవతలంతా పెద్ద గొయ్యి, పైన ఆకాశం. గోడ పడిపోకుండా వెనక ఇనప దూలాలు ఆనించారు. దర్వాను వైపు తిరిగాను.

"ఏటి దాదా ఇది? కాపాడతామన్నారు కదా!" అన్నాను.

"కాపాడారు కదా మాసీ, గోడ ఉంది చూడు. వెనకాల ఇరవై అంతస్తులు లేస్తాయి" అన్నాడు మామూలుగా.

ఆ పువ్వులు మా ఆయన చేశాడని చెప్పబోయి, తలుపు రెక్క పట్టుకున్నాను. లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.