గ్యాంగ్‌స్టర్ పెట్టిన ఇడ్లీ హోటల్

శేఖర్,

ఈ మధ్యాహ్నం మూడున్నరకు నీ గ్యాంగ్‌స్టర్ చనిపోయాడు. ఇక్కడ ఫ్రిస్కోలో ఆ పాత సినిమా మళ్లీ వేసిన థియేటర్‌లో నా పక్కన కూర్చుని మన అమ్మాయి చూసింది. అమెరికాలో మద్యనిషేధం నాటి కథ అది; ఇంట్లో చూసినప్పుడల్లా నువ్వున్నన్నాళ్లూ అతను వానలో కారు దిగే చోట ఆపేసేవాడివి. "తర్వాత దొంగసారా వ్యాపారం మానేసి ఇడ్లీ హోటల్ పెట్టుకున్నాడమ్మా" అని దానికి చెప్పేవాడివి. విలేకరినై ఉండీ నేను ఖండించలేదు.

తుపాకీ పొగ తెరంతా కమ్మింది. నాకది ఇడ్లీ పాత్ర మూత తీసినట్టే ఉంది.

"నాన్న టోటల్‌గా చీట్ చేశాడమ్మా!" అని నవ్వింది. లైట్లు వెలిగినా లేవలేదు.

కార్‌లో అడిగింది. "ఆ హోటల్‌లో ఏ చట్నీ అన్నాడు నాన్న?"

"అల్లం."

వచ్చే శనివారం తన కూతురికి మన సోఫాలో ఆ సినిమా చూపిస్తుంది. అతను కారు దిగగానే ఆపేస్తుందట.