గడువు దాటిన ఆటలు

కిరండూల్, ఆషాఢం

ప్రియమైన భద్రా,

నీ ఉత్తరం బస్సు కండక్టర్ సన్న నిన్ననే ఇచ్చాడు. నువ్వు చెప్పినట్టే ఫోను చదరంగంలో నీ గుర్రాన్ని ముందుకు దూకించాను. అవతల ఆడుతున్న పోలండ్ మనిషి రాత్రికే ఆట వదిలేశాడు. దాంతో నీ రేటింగ్ పదిహేను వందలు దాటింది. నాది పదకొండు వందల దగ్గర మూలుగుతున్న సంగతి నీకు తెలిసిందే. నా గదిలో ఉండే చక్రధరరావు ఫోను లాక్కుని చూసి, "ఏంటయ్యా కాశయ్యా, మీ ఆవిడకి ఆట నేర్పింది నువ్వేనా? నమ్మేలా లేదే" అని ఒకటే నవ్వు.

ఊళ్లో సిగ్నల్ లేకపోతేనేం, నీ ఎత్తులు బస్సెక్కి వస్తున్నాయి, నీ ఖాతాలో నేను వేస్తున్నాను. ఒకేసారి నాలుగైదు ఆటలు నడుస్తున్నా, ఎత్తుకు ఏడు రోజుల గడువుంది కాబట్టి బస్సు ఆలస్యమైనా పర్వాలేదు.

ఇక్కడ వానలు. గని దారంతా ఎర్ర బురద. మనుషులు చాలక డంపర్ మీద డబుల్ డ్యూటీ పడుతోంది. అన్నం ముద్ద చేతిలో ఉండగానే నిద్ర పట్టేస్తోంది. అమ్మ దగ్గు తగ్గిందా?

నీ కాశయ్య

*

చింతలగూడెం, శ్రావణం

ప్రియమైన బావకు,

పదిహేను వందలన్న మాట అత్తకు చదివి వినిపిస్తే, "ఏంది, రూపాయలా?" అని అడిగింది. కాదనేసరికి అటు తిరిగి పడుకుంది. నాకు మాత్రం నాట్లు వేస్తున్నంతసేపూ అదే తలపు. రేషన్ కార్డులో నీ పేరు కింద ఉన్నాను, పట్టాలో అసలు లేను. నా పేరు పక్కన నాదైన అంకె ఒకటి ఉండటం ఇదే మొదలు.

వంటింటి వైపు కప్పు కారుతోంది. అత్త దగ్గు తగ్గలేదు, మనిషి సగమైంది. మందులిచ్చే సోమ్లీ వచ్చి చూసి, "సుక్మా దవాఖానకు తీస్కపోవాలె, ఊకుంటే కాదు" అన్నది. రెండు రోజులు సెలవు పెట్టుకుని రా బావా. ఆమెను రోడ్డు దాకా తెచ్చి బస్సెక్కించడం నా ఒక్కదాని వల్ల కాదు.

కొత్త ఆటలో మంత్రిని కదపకు, ఎడమ ఏనుగును మధ్య వరసలోకి తీసుకురా. పోయిన ఉత్తరాల్లో రాసిన ఎత్తులకు అవతలివాళ్లు ఏం వేశారో నువ్వు చెప్పనేలేదు. ఇక్కడ నా చదరంగం పలక మీద పావులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కోళ్లు తన్నకుండా పైన గంప బోర్లించాను.

నీ భద్ర

*

కిరండూల్, భాద్రపదం

ప్రియమైన భద్రా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. నువ్వు చెప్పిన ఎత్తే వేశాను, గెలిచావు. ఇప్పుడు పదిహేను వందల నలభై. కొత్త ఆట మొదలుపెట్టాను, తెల్లపావులు నీవి.

పని అట్లాగే ఉంది. ఇంకేం రాయాలో తోచడం లేదు. అమ్మ బాగుందనుకుంటాను.

కాశయ్య

*

సుక్మా, ఆశ్వయుజం

బావకు,

ప్రియమైన అన్న మాట ఈసారికి వదిలేస్తున్నాను.

అత్తను నేనే ఆస్పత్రికి తెచ్చాను. ఊరివాళ్లు మంచంతో సహా రోడ్డు దాకా మోశారు. క్షయ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మానకుండా మింగితే తగ్గుతుందట.

వార్డులో పనిచేసే కమ్లీ అనే పిల్ల ఫోనులో మనం ఆడే చదరంగమే ఉంది. నా పేరు కొట్టి చూపించమన్నాను, నా పదిహేను వందలు కళ్లారా చూసుకుందామని. పన్నెండు వందల పది ఉంది.

ఎలా ఓడానో కూడా అక్కడే ఉంది. రాజు చిక్కి ఓడినవి, మధ్యలో వదిలేసినవి, గడువు దాటినవి అని గుండ్రటి బొమ్మలో వేరువేరు రంగులు వేసి చూపిస్తారు. నా బొమ్మ దాదాపు అంతా ఒకటే రంగు. "దీదీ, నువ్వు ఆడుడే లేదు గదా, టైమ్ ఖతమైతున్నది" అన్నది కమ్లీ.

నీ పేరు కూడా కొట్టించాను. మూడు నిమిషాల ఆటలు, ఒక్కో రాత్రి ఇరవై, ముప్పై. నా ఒక్క ఎత్తు వేయడానికి లేని ఓపిక వాటికి ఎక్కడి నుంచి వచ్చింది?

నన్ను ఎవరూ ఓడించలేదు బావా. గడువు నీ చేతిలో ఉంది, నువ్వు దాటనిచ్చావు. కోప్పడటానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. అత్తకు ఇంకా చెప్పలేదు.

భద్రమ్మ

*

కిరండూల్, ఆశ్వయుజం

ప్రియమైన భద్రా,

ఆ మాట రాయడానికి నాకు మొహం లేదు, అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక, పరుపు కింద పెట్టిన మిగతావన్నీ విప్పాను. అవును, అప్పటిదాకా విప్పనేలేదు. ప్రతిదాంట్లోనూ రమ్మన్నావు.

నువ్వు ఎత్తు ఎప్పుడూ చివర రాస్తావు. అక్కడికి చేరాలంటే ముందు కారే కప్పు, అమ్మ దగ్గు, నీ ఒంటరితనం అన్నీ చదవాలి. రెండు డ్యూటీలు బండి తోలి వచ్చాక వాటి ఎదుట నిలబడలేకపోయాను. రేపు చదువుదాం అనుకునేవాణ్ని. మూడు నిమిషాల ఆటలో ఆలోచించే పనే లేదు. అవతలివాడు ఎవరో తెలియదు, వాడికి నాతో పని లేదు. కళ్లు మూతపడేదాకా ఆడేవాణ్ని. నీ రేటింగ్ పడిపోతుంటే తిరిగి పెంచుదామని కొత్త ఆటలు మొదలుపెట్టి, అవీ అట్లాగే వదిలేశాను. చెప్పడానికి భయమేసి, పెరిగిందని రాశాను.

సెలవు అడిగాను, వచ్చే నెల చూద్దామన్నారు. నీ ఖాతా మూసేయమంటే మూసేస్తాను.

కాశయ్య

*

చింతలగూడెం, కార్తీకం

ప్రియమైన బావకు,

ఈసారి ఎత్తు ముందే రాస్తున్నాను. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపాను.

నేనే జరిపాను. కమ్లీ తన పాత ఫోను ఇచ్చింది. సంత రోజున రోడ్డు మీదికి వెళ్లి నిలబడితే సిగ్నల్ అందుతోంది. సంత వారానికి ఒకసారి, గడువూ వారమే, సరిపోయింది. కొత్త ఖాతా తెరిచాను. కొత్తవాళ్లకు ఇచ్చే అంకెనే నాకూ ఇచ్చారు. పాతది మూసేయకు. ఆ పన్నెండు వందల పది నాదీ కాదు, నీదీ కాదు. ఈ వానాకాలం మనిద్దరం కలిసి తెచ్చుకున్నది. అట్లాగే ఉండనీ.

అత్త మాత్రలు మింగుతోంది, గంజి తాగుతోంది. జరిగిందంతా ఆమెకు చెప్పేశాను. "చిన్నప్పుడు గూడ వాడు గంతే. ఇంట్ల ఎవలకన్న జరమొస్తే పోయి గడ్డివాముల దాక్కునేటోడు. తిడితే ఇంకింత లోపలికి పోతడు. పిలువు, వస్తడు" అన్నది.

అందుకని పిలుస్తున్నాను. ఆట నీకే పంపాను, వేరే ఎవరితోనూ మొదలుపెట్టలేదు. కప్పు సంగతి వచ్చినప్పుడు నువ్వే చూద్దువు.

ఏడు రోజుల్లో నువ్వు ఎత్తు వేయకపోతే గెలుపు నా పేరున రాస్తారు. నా అంకె పెరుగుతుంది. ఆ గెలుపు నాకొద్దు బావా.

వచ్చే సంతకు రోడ్డు మీద నిలబడి చూసే
నీ భద్ర