నల్లపెట్టను పిలిచిన పిలుపు

కరుణా,

నీ నల్లపెట్ట బతికింది. ముందు ఆ మాట చెప్పాలి.

పోయిన వారం మెడ వాల్చేసి, రెక్కలు జారేసి గూటి మూలన కూలబడింది. పక్కింటి సుజాత చూసి, "ఇంకెక్కడ బతుకుద్ది బాబాయ్! ప్రాణం ఉండగానే కోసేయండి, పిన్ని పోయి ఏడాదయ్యే జ్ఞాపకార్థ కూడికకి కూరవుద్ది," అంది. నాకు ఒళ్లు మండింది. నువ్వు చివరిసారి పొదగేసిన గుడ్లలో మిగిలింది అదొక్కటే. నందిగామ పశువుల ఆసుపత్రి నుంచి మందు తెచ్చి, రాగిజావలో కలిపి, ముక్కు తెరిచి చుక్కచుక్కగా పోశాను. జావ మింగేది గానీ నూకలు ముట్టేది కాదు. "బాబాబా" అని నేనెంత అరిచినా కదిలేది కాదు.

ఇవాళ పొద్దున ఏం తోచిందో, నీలాగే గొంతు సన్నం చేసి, చివర సాగదీసి, "బా... బా... రావే నా తల్లీ" అని పిలిచాను. తలెత్తింది. తూలుకుంటూ వచ్చి నా అరచేతిలో నూకలు పొడుచుకు తింది.

గోడ అవతల సుజాత చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పిన్ని పిలిచిందనుకున్నా బాబాయ్," అంది.

అప్పటికే నేనూ మన వంటింటి గుమ్మం వైపు చూస్తున్నాను.