శనివారం కలిపిన బ్లీచ్ నీళ్ళ విషయమై

విచారణాధికారి గారి సముఖమునకు,
తిరువూరు కరుణశ్రీ బాలికల వసతి గృహం వంటమనిషి సామ్రాజ్యం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇదే వసతి గృహంలో ఊడ్చి తుడిచే నా చెల్లెలు హెప్సిబాపై మోపిన నేరం నాదని తెలియజేయుట గురించి.

ఆ సోమవారం అన్ని రోజుల్లాగే తెల్లవారింది. అయిదింటికి ప్రార్థన చేసుకుని ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. ముందురోజు సాయంత్రం ఇద్దరు పిల్లలకు వాంతులు, విరేచనాలు అయినందున స్నానాలగదులు, వరండా తుడవడానికి హెప్సిబా బ్లీచ్ నీళ్ళ డబ్బా మూత తీసింది.

"అక్కా, దీనికి వాసనే రావట్లేదు."

"మంచిదేగా. పిల్లలకి కళ్ళు మండవు," అన్నాను.

ఆరో తరగతి ఆరాధన, తడి నేల మీద పడ్డ రిబ్బన్ తీసి పళ్ళతో పట్టుకుని జడ అల్లుకుంది. "పెద్దమ్మా, ఇవాళైనా పల్లీలు వేస్తున్నావా, చూపించి దాచేస్తున్నావా?" అని నవ్వింది. ఇప్పుడే తుడిచిన నేల కదా అని నేను రిబ్బన్ సంగతి ఏమీ అనలేదు.

బుధవారానికి పదకొండు మంది పడకేశారు. శుక్రవారం విజయవాడ ఆసుపత్రిలో ఆరాధన పోయింది.

1. హెప్సిబా బ్లీచ్ కలపకుండా ఒట్టి నీళ్ళతో తుడిచి, విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించినదని తమ నోటీసులో ఉన్నది. బ్లీచ్ కలిపిన మాట వాస్తవం. ఒక గ్లాసుకు తొమ్మిది గ్లాసుల నీళ్ళు. కలిపింది నేను. శనివారం.

2. ఆదివారం వంట తప్ప మరే పనీ ముట్టరాదని మా ఇంటి కట్టడి. అమ్మ పోయాక దాన్ని నిలబెట్టింది నేనే. అందుచేత సోమవారం దాకా సరిపడా శనివారమే కలిపి, తెల్ల డబ్బాల్లో పోసి, ఎండలో మెట్ల మీద పెట్టించేదాన్ని.

3. పిల్లల్ని చూడవచ్చిన నర్సు సౌజన్య గారు తర్వాత చెప్పారు. "ఏ రోజువి ఆ రోజే కలుపుకోవాలమ్మా. ఎండలో రెండ్రోజులుంటే ఇంకేముంటుంది అందులో?"

4. తమరు అడిగినప్పుడు హెప్సిబా తల వంచుకుని నిలబడింది. నోరు విప్పితే నా పేరు చెప్పాలి. దాన్ని పెంచింది నేను.

ఇది అంశం కాదు గాని వ్రాస్తున్నాను. మోకరించినప్పుడల్లా డబ్బా మూత తీసిన చప్పుడు వినబడుతుంది. వాసన కోసం ఆగుతాను. రాదు.

కావున హెప్సిబాను తిరిగి పనిలోకి తీసుకుని, చర్య ఏదైనా నాపై తీసుకొనవలెనని, బ్లీచ్ నీళ్ళు ఆదివారంతో సహా ఏ రోజుకారోజు కలపవలెనని తెలుగులో వ్రాయించి గోడకు అంటించవలెనని, ఈ మనవిని దయతో చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
సామ్రాజ్యం

తా.క.: ఈ సాయంత్రం ప్రార్థన అయ్యాక మేం ముగ్గురం కూర్చున్నాం. అర్జీ ఇస్తే నా పనీ పోతుందని తమ్ముడు ఏబెల్ అన్నాడు. ఇవ్వాలనే అనుకున్నాం. ఆరాధన తల్లికి ఈ మాట ఊళ్ళోవాళ్ళు చెప్పేలోపు, రేపు మొదటి బస్సుకు వాళ్ళ ఊరు పెనుగొలను వెళ్ళి నేనే చెప్పాలని కూడా అనుకున్నాం. హెప్సిబా తోడొస్తానంది. వద్దన్నాను.

"ఆవిడ చెయ్యి చేసుకుంటేనో?" అన్నాడు ఏబెల్.

"చేసుకోనీరా," అన్నాను.