తాగని తాగుబోతు

నెజుకా రేవు, వసంతం

ప్రియమైన మినెగిషి డాక్టరమ్మకు,

కియో రాస్తోంది. చదువు తక్కువదాన్ని, తప్పులుంటే మన్నించండి. మా ఇసావో పోయాక, పొడుగాటి సముద్రపు నాచు పట్టీలు ఆరబెడుతుంటే అవతలి కొస పట్టుకునేవాడు లేడు. గాలొస్తే నా మొహానికే చుట్టుకుంటోంది.

నా నెత్తురు తీసుకెళ్ళారు గదా, ఉన్నమాట చెప్పండి. తప్పు నాదేనా? వాడు కడుపులో ఉండగా ఆక్టోపస్ తిన్నాను. "ఎనిమిది కాళ్ళదాన్ని మింగావు, అందుకే పిల్లాడి కాళ్ళు మెలికలు పడ్డాయి" అంటుంది మా అత్తయ్య. ఒక్క ముక్కే తిన్నానమ్మా. అదీ ఆవిడ వండిందే!

ఇట్లు,
ఇసావో అమ్మ కియో

---

ప్రియమైన కియోగారికి,

ఆక్టోపస్ పాపం ఏమీ చెయ్యలేదు. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో నెత్తుట్లో దిగే నరాల జబ్బు. మీ నెత్తుట్లో ఆ దోషం లేదు. మీవారేమో జబ్బు బయటపడే వయసు రాకముందే సముద్రంలో పోయారు; తరం మారేకొద్దీ ఇది ఇంకా చిన్న వయసులోనే బయటపడుతుంది. ఆయన వైపు పెద్దల్లో ఎవరికైనా నడక తూలేదా, మాట ముద్దగా వచ్చేదా? తెలిస్తే నా పరిశోధనకే కాదు, మీ ఆడపడుచుకీ మంచిది.

మీ
చిహారు మినెగిషి

---

డాక్టరమ్మకు కియో దణ్ణాలు.

అత్తయ్యనడిగాను. "మా ఇంట్లో జబ్బా? నోరు కడుక్కో! మీ మామగారు తాగుబోతు, అంతే. తూలేవాడు, నాలుక తిరిగేది కాదు, గిన్నె పట్టుకుంటే పులుసంతా ఒళ్ళోనే" అని గర్వంగా చెప్పింది. సారా కొట్టు ముసలాయన కూడా "అబ్బో, మహా తాగుబోతు! మా కొట్టుకి మాత్రం ఎప్పుడూ రాలేదు, ఎక్కడ పోసుకునేవాడో!" అన్నాడు.

కాబట్టి మావాళ్ళలో జబ్బు లేదమ్మా. ఆక్టోపస్సే.

ఇట్లు,
కియో

---

ప్రియమైన కియోగారికి,

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మామగారు తాగుతుండగా చూసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? కనుక్కుని రాయండి.

ఆత్రంతో,
మీ చిహారు

---

నెజుకా రేవు, బోన్ పండుగ మర్నాడు

మా బంగారు డాక్టరమ్మకు,

నిన్న సమాధులు కడిగి, పోయినవాళ్ళకి ఎవరికి ఇష్టమైనది వాళ్ళకి పెట్టాం. చుట్టూ అందరి ముందూ సారా బుడ్లే. మా మామగారి ముందు మాత్రం ఏటా పెట్టే తీపి పప్పుండలు! ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ తట్టలేదు. ఈసారి నోరు ఊరుకోలేదు.

"అత్తయ్యా, తాగుబోతుకి ఒక్క చుక్కయినా పొయ్యవేం?"

"వాసనకే వాంతి చేసుకునే మనిషికి సారా ఎందుకే!" అనేసి, నాలిక్కరుచుకుని రాతిమీద కూలబడింది.

"తాగుబోతు కూతురికి మొగుడొస్తాడే. జబ్బుమనిషి కూతురికి ఎవడొస్తాడు? నేనే ఆయన చొక్కామీద సారా చల్లి వీధిలోకి పంపేదాన్ని. తుమ్ముకుంటూ వెళ్ళేవాడు, పిచ్చి మనిషి."

"మరి ఆక్టోపస్సు?"

"ఎవరో ఒకరిని అనాలి గదా. అది నోరెత్తదు, నువ్వూ ఎత్తవు."

కొడదామన్నంత కోపమొచ్చింది. కానీ తుమ్ముతూ పోయే మామగారు కళ్ళముందు కనిపించి, పక్కున నవ్వాను. ఆవిడా నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మీ ఆడపడుచు ఫుకుయెకి నేనే చెప్తాను. దానికిష్టమైతే మీ డాక్టరమ్మని నెత్తురు చూడమను. మీ మామగారి గురించి ఆవిడ పుస్తకంలో జబ్బుమనిషి అనే రాయమను. తాగుబోతని రాస్తే మాత్రం ఊరుకోను!" అంది. మా అత్తయ్య ఆజ్ఞ, మీ ఇష్టం.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ ఏడ్చానమ్మా. ఇన్నాళ్ళ ఏడుపులో సగం భయమే, నా బిడ్డని నేనే తినేశానేమోనని. నిన్న మాత్రం అచ్చంగా వాడి కోసమే ఏడ్చాను.

ఇట్లు,
మీ కియో